అట్టకు పట్టిన రక్తం

ఎండ వల్ల ఆడవాళ్ళకు రక్తం పడుతుందని లోకంలో మొట్టమొదట రుజువు చేసింది మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. అయితే ఆ ఎండ తగలవలసింది ఆడవాళ్ళకు కాదు. ఆ సంగతే చెప్పబోతున్నాను. ఊరి పేరు చెబితే మెమో వస్తుంది కనుక చెప్పను. చుట్టూ జీడితోటలు, మూడు మెట్లెక్కితే వరండా, వరండా చివర నా గది, ఆ గదికి పడమటివైపు ఒక కిటికీ. ఇంతవరకు తెలిస్తే చాలు. నేను అక్కడ ల్యాబు టెక్నీషియన్ని. పేరు సత్యానందం. పేరు పెట్టినప్పుడు మా నాన్నకు నేను సర్కారు కొలువులో చేరతానన్న అనుమానం లేదు.

గర్భిణులకు రక్తం ఎంత ఉందో చూడడానికి మాకొక చిన్న మిషను ఉండేది. మొదట మిషను వచ్చింది, స్ట్రిప్పులు రాలేదు. స్ట్రిప్పులు వచ్చాయి, ఈలోగా బ్యాటరీ చచ్చింది. బ్యాటరీ వచ్చేసరికి స్ట్రిప్పుల గడువు తీరిపోయింది. ఇలా మూడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండేళ్ళు గడిపాక, పైవారు విసుగెత్తి మిషను బదులు ఒక రంగుల అట్ట పంపించారు. అరచేయంత ఉంటుంది. అందులో ఆరు ఎరుపులు, లేతనుంచి ముదురుదాకా. పక్కన నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు అని అంకెలు. వేలు పొడిచి, చుక్క రక్తాన్ని అద్దుడు కాగితం మీద పెట్టి, అది ఏ ఎరుపుకు సరిపోతే ఆ అంకె రాయాలి. పదకొండు దాటితే పరవాలేదు. ఏడుకు తగ్గితే ప్రమాదం, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. దశాంశం ఉంటే శాస్త్రీయంగా ఉంటుందని మా డాక్టరుగారు ప్రతి అంకెకూ ఒక పాయింట్ నాలుగు తగిలించమన్నారు. ఆయన వారంలో రెండు రోజులు మాతో, నాలుగు రోజులు మీటింగుల్లో ఉంటారు.

అట్ట వెనకాల చీమల బారులాంటి అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఎండ తగలనివ్వకూడదన్నది అందులో మూడో మాట అని తర్వాత తెలిసింది. అప్పటికి నేను దాన్ని తనిఖీకి వచ్చినవారికి కొట్టొచ్చినట్టు కనబడాలని పడమటి కిటికీ అద్దానికి నాలుగువైపులా టేపు వేసి అంటించేశాను. అది ఏప్రిల్. మా జిల్లాలో మే నెల ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు మీద తారు కూడా లేచి నీడకు పోదామని చూస్తుంది.

ఆషాఢంలో ఒక సోమవారం మా ఏఎన్ఎం వరహాలమ్మ ఒక గర్భిణిని వెంటబెట్టుకుని వచ్చింది. వరహాలమ్మ ఇరవై ఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల పురుళ్ళన్నీ చూసిన మనిషి. ఆమె నోటికి డాక్టర్లు కూడా జడుస్తారు. వెంట వచ్చిన పిల్ల పేరు ఎర్రమ్మ. జీడిపిక్కల బట్టీలో పని. ఆరో నెల. పేరులో ఉన్న ఎరుపు ఒంట్లో ఎక్కడా లేదు. ఆ మూడు మెట్లెక్కేసరికే ఆయాసపడిపోయి గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది.

"ఈ గుంట పచ్చిబియ్యం తింటంది బాబూ," అంది వరహాలమ్మ. మావైపు గుంట అంటే పిల్ల. "బియ్యం అయిపోతే కుండపెంకులు నమల్తంది. ఒంట్లో ఇనుము లేనోళ్ళకే ఈ పాడు రుచి. తొలికాన్పు ఏడో నెల్లో పోయింది. ఇదైనా నిలబెట్టుకోవాల. బేగి సూడు."

జీడిరసం కాల్చి నల్లబడిపోయిన వేళ్ళలో ఏ వేలు పొడవాలో తెలియక కాసేపు వెతికాను. చివరకు ఉంగరపు వేలు దొరికింది. చుక్క లేత గులాబి రంగులో వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అట్ట పక్కన పెట్టి చూశాను.

"పన్నెండు పాయింట్ నాలుగు," అన్నాను.

వరహాలమ్మ ఎర్రమ్మ కింది రెప్పను బొటనవేలితో లాగి నాకు చూపించింది. "సున్నం ఏసినట్టుంది కన్ను. ఇది పన్నెండయితే నా ఒంట్లో నలభై ఉండాల. ఏటి బాబూ, నీ కళ్ళకేటయింది?"

నా కళ్ళకేం కాలేదు. అట్టకే అయింది. పద్నాలుగు అన్న ముదురు ఎరుపు వెలిసి వెలిసి తామరపువ్వు రంగుకు దిగింది. పన్నెండు ఇంకా పాలిపోయింది. నాలుగు దగ్గర అసలు రంగే లేదు. ఈ లెక్కన ఒంట్లో చుక్క రక్తం ఉన్న ప్రతి మనిషీ పన్నెండే. రెండు నెలలుగా నేను పేషెంట్ల రక్తం కాదు, మే నెల ఎండను కొలుస్తున్నానన్నమాట.

కానీ నిబంధన ఒకటుంది. అట్ట ఏ అంకె చూపితే ఆ అంకె ట్యాబులో కొట్టి ఫోటో తీసి పంపాలి, సొంత అభిప్రాయాలు చేర్చకూడదు. పన్నెండు కొట్టగానే ట్యాబులో పచ్చరంగు వెలిగింది. పచ్చరంగు వెలిగితే పెద్దాసుపత్రికి పంపే చీటీ రాదు. చీటీ లేకపోతే అక్కడ బల్ల ఎక్కించరు.

"పన్నెండంటే మంచిదేనా బావూ?" అని ఎర్రమ్మ కళ్ళు తెరిచి అడిగింది.

"మంచిదే," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ ఒక్క మాటకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే జిల్లాకు ఉత్తరం రాశాను. "అట్ట ఎండకు వెలిసిపోయినది. అందరికీ రక్తం ఎక్కువ చూపుచున్నది. కొత్త అట్ట పంపించ ప్రార్థన." ఇంతకన్నా తేటగా రాయడం నాకు చేతకాదు.

పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. కారులో వచ్చింది. అందులోంచి డాక్టర్ పరంజ్యోతిగారు దిగారు. ఆయన జిల్లా రక్తహీనతా నిర్మూలన అధికారి. రాష్ట్రం మొత్తం మీద మా జిల్లా నాలుగేళ్ళుగా ఆఖరి స్థానాన్ని ఎవరికీ వదిలిపెట్టలేదు. సమీక్షా సమావేశంలో రక్తహీనత పేరెత్తితే ముందు ఆయన మొహంలో రక్తం ఉండేది కాదని చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ రోజు నవ్వుతూ దిగాడు. వెనకాల ఒక గుమాస్తా, వాడి చేతిలో పూలదండ.

"ఏమయ్యా సత్యానందం, మార్చిలో మీ కేంద్రంలో నూటికి అరవై ఎనిమిది మంది రక్తహీనులు. జూన్‌లో ఇద్దరు. ఈ మధ్యకాలంలో క్షేత్రస్థాయిలో ఏం జరిగింది?"

"ఎండ కాసిందండి."

"విపులీకరించు."

"అట్టను కిటికీకి అంటించానండి. వెలిసిపోయిందండి. దాంతో అందరికీ ఎక్కువ చూపిస్తోందండి. కొత్తది ఇప్పిస్తే..."

ఆయన చెయ్యెత్తి ఆపి గుమాస్తా వైపు తిరిగారు. "తక్కిన ముప్పై ఏడు కేంద్రాల్లో అట్టలు ఎక్కడుంటాయి?"

"సొరుగుల్లో సార్."

"అక్కడ రక్తహీనత ఉందా?"

"విపరీతంగా ఉంది సార్."

"ఇక్కడ అట్ట ఎండలో ఉంది. రక్తహీనత ఉందా?"

"లేదు సార్."

"అంటే ఇన్నాళ్ళూ జిల్లాలో రక్తహీనత ఎక్కడుంటోందయ్యా?"

గుమాస్తా ఒక్క క్షణం ఆలోచించి, "సొరుగుల్లో సార్," అన్నాడు.

పరంజ్యోతిగారు ఆ దండ నా మెడలో వేశారు. నేను ఇంకోసారి చెప్పబోయాను. "వినయం," అని గుమాస్తాతో అన్నారు, "ఇలాంటి సిబ్బందిలో ఉన్న లోపం అతివినయం ఒక్కటే."

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. రంగుల అట్ట అంటే హోదా చాలదని దానికి వర్ణమాన పత్రమని పేరు పెట్టారు. "ఇందుమూలముగా యావన్మంది క్షేత్రస్థాయి సిబ్బందికి తెలియజేయడమేమనగా, జిల్లాలోని వర్ణమాన పత్రములన్నింటినీ దినమునకు ఆరు గంటల చొప్పున ఇరువదియొక్క దినములు ఆతపీకరణము గావించవలెను. ఆతపీకరణ చెందని పత్రముతో పరీక్షించుట శిక్షార్హము." కార్యక్రమం పేరు అరుణోదయం. ఆతపీకరణం అంటే ఎండబెట్టడమని తెలుసుకోడానికి మాకు మూడు రోజులు పట్టింది.

ఇక చూడండి సంబరం. ముప్పై ఎనిమిది ఆసుపత్రుల డాబాల మీద చాపలు పరిచి అట్టలు ఎండబెట్టారు. అచ్చం వడియాలే. పది గంటలకు ఒక నర్సు పరిచి రావాలి, మధ్యాహ్నం ఒక ఆశా కార్యకర్త తిరగేయాలి, కాకులు తన్నుకుపోకుండా ఒక అటెండరు కర్ర పట్టుకుని కూర్చోవాలి. కింద గర్భిణులు వరండాలో బారులు తీరి ఉంటే సిబ్బంది అంతా పైన అట్టలకు కాపలా. ఒక చోట కోతి రెండు అట్టలు ఎత్తుకుపోయింది. ఆ కోతికి మెమో ఇవ్వడం కుదరక అటెండరుకిచ్చారు.

ఇంకో మండలానికి పంపిన కాగితంలో టైపు చేసినవాడు వర్ణమాన పత్రం అనబోయి వర్ణమాల పత్రం అని కొట్టాడు. అక్కడి వాళ్ళు కిక్కురుమనకుండా అంగన్‌వాడీలో ఉన్న అఆల పటాలన్నీ డాబా ఎక్కించి ఇరవై ఒక్క రోజులు ఎండబెట్టారు. అక్షరాలు వెలిసిపోయాయి. పిల్లలకు చదువు పోయింది. ఆ మండలంలో కూడా రక్తహీనత తగ్గినట్టు నివేదిక మాత్రం వచ్చింది.

శ్రావణంలో ముసురు పట్టింది. కొండ మండలాల నుంచి ఎండ లేదని ఫోన్ల మీద ఫోన్లు. ఎండ లేనిచోట ప్రత్యామ్నాయ తాపవనరులు వినియోగించవచ్చునని అనుబంధ సర్క్యులర్ వచ్చింది. ఒక ఆసుపత్రి వాళ్ళు అట్టకు ఇస్త్రీ చేశారు. ఆ ఏడాది మా జిల్లాలో గర్భిణుల కోసం వాడిన ఇనుమంతా ఆ ఇస్త్రీపెట్టెలోదే.

ఎందుకంటే రెండో సర్క్యులర్‌లో ఇనుము మాత్రలు ఆపేశారు. రక్తం పుష్కలంగా ఉన్నవారికి ఇనుము ఇవ్వడం అశాస్త్రీయమట. ఇంటింటికీ వెళ్ళి మిగిలిన మాత్రలు వెనక్కి తెమ్మన్నారు. ఇనుము ఇంజెక్షన్లు కూడా పోయాయి. పెద్దాసుపత్రికి రక్తం కోసం పంపిన కేసులు జిల్లా మొత్తం మీద సున్నా. ఆ సున్నాను నిలువెత్తు ఫ్లెక్సీ మీద వేసి పరంజ్యోతిగారు దాని పక్కన నిలబడి ఫోటో దిగారు.

వరహాలమ్మ కూడా మాత్రల కోసం ఎర్రమ్మ ఇంటికి వెళ్ళింది. వెళ్ళి, ఉన్న పదిహేడు మాత్రలూ ఆ పిల్ల కొంగులోనే కట్టి, మింగేసినట్టు రాసుకుని వచ్చింది. నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"బాబూ, నీకు దండేసినారు కదా. ఆ దండ ఏసిన ఆయనకి నువ్వు సెప్తే ఇంటాడు. రగతం లేని ఆడకూతురికి నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి. పుట్టిన గుంట పిడికిలంత ఉంటాది. ఇక్కడ నీళ్ళాడి కాన్పయిందనుకో, మామూలు మనిసి తట్టుకునేంత రగతం పోయినా ఈ పిల్ల తట్టుకోలేదు. దీనికి ఇప్పుడు పెద్దాసుపత్రిలో రగతం ఎక్కించాల. ఒక్క చీటీ రాయి."

"చీటీ ట్యాబులోంచి రావాలి వరహాలమ్మా. నా చేతిలో లేదు."

"నీ సేతిలో ఏటుంది మరి?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు ఊరుకున్నాను. ఇంటి దగ్గర పిల్లల చదువులున్నాయని, బదిలీల సీజనని, మనసులో చాలా కారణాలు చెప్పుకున్నాను. కారణాలు చెప్పుకోవడంలో నేను పరంజ్యోతిగారికి ఏమీ తీసిపోను.

వరహాలమ్మ ఊరుకునే రకం కాదు. ఆమె దగ్గర ఒక అట్ట ఉంది. మొదటిసారి అట్టలు పంచినప్పుడు అందరితోపాటు ఆమెకూ ఒకటిచ్చారు. ఇంట్లో ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల్లో దాచింది. దానికి ఎండంటే ఏమిటో తెలియదు. ఎనిమిదో నెల రాగానే ఎర్రమ్మ వేలు పొడిచి ఆ అట్ట పక్కన పెట్టింది. ఆరు. కాళ్ళు అప్పటికే పొంగాయి. మర్నాడే పట్నంలో ఆతపీకరణ ద్వితీయ దశ శిక్షణ. కల్యాణ మండపంలో మూడువందల మంది సిబ్బంది. వరహాలమ్మ ఎర్రమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చింది.

పరంజ్యోతిగారు వేదిక మీద మాట్లాడుతున్నారు. వరహాలమ్మ మెట్లెక్కి అట్టనూ, నెత్తుటి చుక్క ఉన్న కాగితాన్నీ ఆయన బల్ల మీద పెట్టింది.

"సూడండి సార్. ఆరు. ఈ పిల్లని ఇయ్యాలే పంపండి. ఇంకేటీ అడగను."

ఆయన అట్ట అందుకుని, మైకు ఆపకుండానే, ఆ ముదురు ఎరుపు వైపు చాలాసేపు చూశారు. పాము పడగను చూసినట్టు చూశారు. "మిత్రులారా," అన్నారు, "రెండు నెలల సమష్టి కృషితో మన జిల్లాలో రక్తహీనతను సమూలంగా నిర్మూలించామని భావించాం. పొరబడ్డాం. అది ఇంకా ఉంది. ఈ ఒక్క అట్టలో ఉంది."

మండపమంతా హాహాకారాలు చేసింది.

"అట్టలో కాదు సార్. ఈ పిల్ల ఒంట్లో ఉంది," అంది వరహాలమ్మ.

"లబ్ధిదారు రికార్డు ఏమంటోంది?"

గుమాస్తా ట్యాబు నొక్కి, "పన్నెండు పాయింట్ నాలుగు సార్. పేరు ఎర్రమ్మ," అన్నాడు.

"పేరులోనే ఎరుపు! ఇంకేం కావాలి? వచ్చే పదో తేదీ విజయోత్సవ సభకు ఇంతకన్నా మంచి ముఖచిత్రం దొరకదు. ఈమె పేరు రాసుకో." వరహాలమ్మ వైపు తిరిగి గొంతు మార్చారు. "నువ్వు ఆతపీకరణ చెందని పత్రాన్ని ఇంట్లో దాచావు. అంటే ప్రభుత్వ సొత్తులో రక్తహీనతను అక్రమంగా నిల్వ చేశావు. తదుపరి ఉత్తర్వుల వరకు సస్పెన్షన్."

ఆ అట్టను మండపం మెట్ల మీద అందరి ఎదుటా ఎండబెట్టారు. గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఒక ఇటుక పెట్టారు. కాపలా ఉన్న అటెండరు ఎండకు తాళలేక తనకు గొడుగు వేసుకున్నాడు. ఆ గొడుగు నీడ అట్ట మీద పడుతోందని వాడిని కోప్పడ్డారు. నేను ఆ మూడువందల మందిలో పదో వరసలో కూర్చున్నాను. లేచి ఒక్క మాట అనుంటే బాగుండేది. లేవలేదు. టీ వచ్చింది, తాగాను.

విజయోత్సవ సభ హైస్కూలు మైదానంలో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్కరికి రక్తం పట్టకుండానే రక్తసమృద్ధి జిల్లాగా ప్రకటించేశారు. అధికారులకు షామియానా వేశారు. దాని పక్కన నిలబెట్టిన యాభై మంది గర్భిణులకు మాత్రం వేయలేదు. అరుణోదయం కార్యక్రమంలో లబ్ధిదారులకు నీడ కల్పించడం విధాన విరుద్ధమట. అందరికీ ఎర్రచీరలు కట్టించారు. ముందు వరసలో మధ్యన ఎర్రమ్మ. ఆ చీర ఎరుపు పక్కన ఆమె మొహం మరీ తెల్లగా కనిపించింది. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ప్రవేశం లేదని వరహాలమ్మను గేటు దగ్గరే ఆపేశారు. అక్కడినుంచే ఆమె మంచినీళ్ళ సీసా పైకెత్తి ఊపుతోంది, ఎవరైనా అందుకుని ఎర్రమ్మకు ఇస్తారేమోనని.

పరంజ్యోతిగారు గంటా పది నిమిషాలు మాట్లాడారు. రక్తం అనేది ఒక దృక్పథం అన్నారు. ఇనుము మనసులో ఉండాలి గాని మాత్రలో కాదన్నారు. ఆ మాటకు చప్పట్లు మోగుతుండగా ఎర్రమ్మ మోకాళ్ళ మీద కూలిపోయింది.

"ఆనందాతిశయంతో సొమ్మసిల్లిన లబ్ధిదారు," అని మైకులో చెప్పారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

అప్పుడు లేచాను. ఆ కాస్త పనికి నేను గొప్పలు చెప్పుకోను, రెండు నెలలు ఆలస్యంగా లేచాను. వరహాలమ్మ గేటు తోసుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని అంబులెన్స్ ఎక్కించాం. దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిది నెలలు ఇంకా నిండలేదు. ఎర్రమ్మ నా చొక్కా అంచు పట్టుకుని, "పన్నెండన్నావు కదా బావూ, గుంటకేటీ అవదు కదా?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ డ్యూటీలో ఉంది. చీటీ ఏదని అడగలేదు. మనిషిని చూసి నేరుగా లోపలికి తీసుకెళ్ళింది. రక్తం తీసి మిషన్లో పెట్టించి, కాగితం చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది.

"నాలుగు పాయింట్ ఎనిమిది. మీ రికార్డులో పన్నెండు పాయింట్ నాలుగు ఉంది. ఎవరయ్యా ఇది రాసిన మహానుభావుడు?"

"నేనేనండి."

ఆమె నావైపు చూసిన చూపు కన్నా చెంప మీద కొట్టి ఉంటే నయం.

ఎర్రమ్మ ఆడపిల్లను కంది. పిల్ల కిలోంపావు. తల్లికి రక్తం కట్టలేదు. నా దగ్గరా, వరహాలమ్మ దగ్గరా చెరో సంచీ రక్తం తీసుకుని, బదులుగా ఎర్రమ్మకు సరిపడే గ్రూపుది రెండు సంచులు ఎక్కించారు. తెల్లారేసరికి తల్లి దక్కింది. పిల్లను గాజుపెట్టెలో పెట్టారు. పిడికిలంత ఉంది, వరహాలమ్మ అన్నట్టే. రెండు రోజులు ఆ చిన్న ఛాతీ ఎగసిపడుతూనే ఉంది. మూడో రోజు ఆగిపోయింది. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరిమీద చూపాలో తెలుసు. అందులో సగం నామీదే చూపాలనీ తెలుసు.

నెలన్నర తర్వాత నా గదిలోనే విచారణ పెట్టారు. పిల్ల పోయినందుకు అనుకునేరు. పిల్ల సంగతి ఎజెండాలో లేదు. ఒకే లబ్ధిదారుకు ఒకే కాన్పులో జిల్లాలో రెండు అంకెలు నమోదయ్యాయి, పన్నెండు పాయింట్ నాలుగూ, నాలుగు పాయింట్ ఎనిమిదీ. వాటికి పొంతన కుదర్చాలి. లేకపోతే రాష్ట్రస్థాయి అవార్డు ఆగిపోతుంది. పరంజ్యోతిగారు మధ్యన కూర్చున్నారు, పక్కన ఇద్దరు సభ్యులు, మూలన గుమాస్తా.

"పెద్దాసుపత్రి మిషనే తప్పని రాసేద్దామా సార్?" అన్నాడు ఒక సభ్యుడు.

"అది మనకన్నా పెద్ద ఆఫీసు. తప్పనకూడదు. మనదీ తప్పు కాదు. రెండూ ఒప్పే." పరంజ్యోతిగారు కణతలు నొక్కుకుంటూ ఆలోచించారు. "ఆ మిషను ఎక్కడుంటుంది?"

"లోపలి గదిలో సార్. ఏసీలో."

"ఎండ రాదు?"

"చస్తే రాదు సార్."

ఆయన మొహం విప్పారింది. "మన అంకె ఎండలో తీసినది. వారి అంకె నీడలో తీసినది. లబ్ధిదారు ఎండలో ఉన్నంతకాలం పన్నెండు పాయింట్ నాలుగు. నీడలోకి వెళ్ళింది, నాలుగు పాయింట్ ఎనిమిదికి పడిపోయింది. అంటే లోపం కార్యక్రమంలో లేదు. లబ్ధిదారు ప్రవర్తనలో ఉంది. ఆమె నోటితో ఆ ఒక్క ముక్క రాయించుకుంటే ఫైలు మూసేయొచ్చు. పిలవండి."

ఎర్రమ్మను పిలిచారు. ఆ మూడు మెట్లూ ఎక్కి వచ్చి బల్ల ఎదుట నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను నా స్టూలు జరిపాను. ఆమె కూర్చోలేదు.

"భయపడకమ్మా," అన్నారు పరంజ్యోతిగారు, ఎంతో మెత్తగా. "ఒక్క ప్రశ్న. ఆ రోజుల్లో నువ్వు నీడలోకి వెళ్ళావా?"

ఎర్రమ్మకు అర్థం కాలేదు. నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"నీడలోకమ్మా. ఎండ తగలని చోటికి. వెళ్ళావా, లేదా?"

"ఎల్నాను బావూ."

"ఎప్పుడు?"

"నీళ్ళాడిన మూడోనాడు."

"ఎందుకు వెళ్ళావు?"

"నా గుంటని పూడ్సడానికి. ఆడ జీడిసెట్టుంది."

గుమాస్తా కలం కాగితం మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. పరంజ్యోతిగారు కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నారు. ఈయనా మనిషేనన్న ఆశ నాకు కాస్త పుట్టింది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని గుమాస్తా వైపు తిరిగారు.

"నీడలోకి వెళ్ళినట్టు లబ్ధిదారు అంగీకరించింది. రాసుకో."

వాడు రాసుకున్నాడు. కింద సాక్షి సంతకం కావాలన్నారు. పెట్టాను.